మధ్యమం కాని మధ్యమం

చిత్తూరు పక్క మా ఊరి జాతరలో కొమ్ము ఊదే తాతను చిన్నప్పుడు నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. అంత పొడుగు కొమ్ముకు ఒక్క రంధ్రం కూడా ఉండదు. మరి స్వరాలు ఎలా మారుతున్నాయి?

మొన్న ఎండాకాలం తిరుపతిలో మా మిద్దె మీద చేసి చూశాం. మొక్కలకు నీళ్ళు పట్టే పైపు పన్నెండు అడుగులు కోసి, ఒక కొసకు గరాటు దూర్చాం. రెండో కొసన పెదవులు బిగించి 'బుర్ర్' మనాలి. మా అన్న కూతురికి మొదట ఉత్త గాలే పోయింది. నాలుగోసారికి పెదవులు అదిరి, గరాటులోంచి ఏనుగు ఘీంకరించినట్టు మోగింది. ఇంకాస్త బిగిస్తే స్వరం ఒక్క గెంతున పైమెట్టుకు పోయింది.

"చిన్నాయనా, మధ్యలోది రాదా?" అంది.

అసలు కిటుకు అక్కడే ఉంది. పాశ్చాత్య సంగీతంలో చుట్టలు తిరిగిన ఇత్తడి కొమ్ము ఫ్రెంచ్ హార్న్. దాని ఎఫ్ శ్రుతి రకం గొట్టం విప్పితే దాదాపు 12 అడుగులు. అందులోని గాలి ఆధార స్వరానికి 2, 3, 4 రెట్లు, ఇలా కొన్ని కంపనాలకే బలంగా పలుకుతుంది. ఎన్ని రెట్లైతే అన్నో మెట్టు. ఆధారం షడ్జమైతే మూడో మెట్టు పంచమం, ఐదోది అంతర గాంధారం. ఎనిమిది దాటాక మెట్లు బాగా దగ్గరపడతాయి. పెదవి పిసరంత తప్పినా పక్క స్వరం మోగుతుంది. ఆరితేరిన వాళ్ళకూ ఆ టెన్షన్ తప్పదు. అందుకే స్వరాన్ని ముందు గొంతుతో పాడి, చెవిలో నిలిపి, తర్వాతే ఊదుతారు. శ్రుతి పెట్టుకుని ఒక్కో స్వరాన్నీ దీర్ఘంగా నిలపడం, వాల్వ్‌లు (గొట్టం పొడవు మార్చే మీటలు) ముట్టకుండా మెట్లన్నీ ఎక్కి దిగడం రోజువారీ సాధన. నాదస్వరం నేర్చేవాళ్ళకు ఇందులో సగం తెలిసిందే.

నాకు ప్రాణమైనది పదకొండో మెట్టు. 'మ' స్వరానికున్న రెండు రూపాలైన శుద్ధ మధ్యమానికీ ప్రతి మధ్యమానికీ దాదాపు నట్టనడుమ ఉంటుంది. 18వ శతాబ్దంలో హార్న్ గరాటు కొసలో చెయ్యి దూర్చి దాన్ని సరిచేసేవారు. 1818లో వాల్వ్‌లకు పేటెంట్ వచ్చాక ఆ అవసరం తగ్గింది. అయితే 1943లో ఇంగ్లీషు స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ 'సెరెనేడ్' అనే తన రచన మొదట్లో, చివర్లో వాల్వ్‌లు లేకుండానే ఊదమన్నాడు. మరో స్వరకర్త లిగెటి 'హాంబర్గ్ కన్చెర్టో' అనే రచనలో నాలుగు సహజ (వాల్వ్‌లు లేని) హార్న్‌లను పెట్టి ఇలాంటి స్వరాలనే కోరి వాడుకున్నాడు. గమకాలకు అలవాటుపడ్డ మన చెవికి అవి అపస్వరాలుగా తోచవు.

ఊదుతూనే పాడటం ఇంకో ప్రయోగం. 1815లోనే జర్మన్ స్వరకర్త వేబర్ హార్న్ కోసం రాసిన తన కాన్చెర్టీనోలో (చిన్న కన్చెర్టోలో) దీన్ని రాశాడు. 200 హెర్ట్జ్ (సెకనుకు 200 కంపనాలు) ఊదుతూ 300 పాడితే, వాటి తేడా 100, మొత్తం 500 కూడా వినిపించవచ్చు. అంటే షడ్జం, పంచమాలతో పాటు కింది షడ్జం, పై గాంధారం! మా పాప ఇప్పుడు దీనిమీదే ఉంది. పాడటం మొదలెట్టగానే పెదవులు ఆగిపోతున్నాయి.