పద్యానికి పది రూపాయలు

చిన్నా, బుజ్జీ,

మొన్న ఫోన్లో బుజ్జి అడిగింది కదా, "అన్నయ్యకు పద్యాలకి డబ్బులిచ్చావు, నా వంతు వచ్చేసరికి ఎందుకు ఆపేశావు అమ్మమ్మా?" అని. ఫోన్లో చెబుదామంటే మీ అమ్మ మధ్యలో లాక్కుంటుంది, మాట సగంలో పోతుంది. అందుకే రాస్తున్నా.

ముందు నా తప్పు చెప్పేస్తాను. పోయినేడాది వేసవి సెలవుల్లో మొదటి వారమంతా చిన్నా డాబా మీద మడత మంచంలో పడుకుని, శతక పద్యాలు తనంతట తానే చదువుకునేవాడు. "అల్పుడు అంటే పొట్టివాడా?" అని ఒకరోజు అడిగితే పక్కింటికి వినపడేలా నవ్వాను. ఇంత ముచ్చటగా చదువుతున్నాడు కదా, ఇంకాస్త హుషారు తెప్పిద్దామని పద్యానికి పది రూపాయలు అన్నాను. అన్నేళ్లు బళ్లో పాఠాలు చెప్పినదాన్ని, నాకే తట్టలేదు చూడండి. నోటుబుక్కులో టిక్కులు మొదలయ్యాయి. రెండో రోజుకే సీస పద్యాలు పక్కకి పోయాయి. "అదంత పొడుగు, దానికీ పదే. ఆటవెలదికీ పదే" అన్నాడు. లెక్క తప్పని ఎలా అనను? అర్థాలు అడగడం కూడా మానేశాడు. దసరాకి మీ పెద్దమామయ్య వచ్చి "ఏదీ, ఒక పద్యం చెప్పరా" అంటే "ఎంతిస్తావ్?" అన్నాడు. అందరూ పడీపడీ నవ్వారు. నాకు మాత్రం నోట్లో ముద్ద దిగలేదు.

చిన్నా, నీ మీద కోపం కాదురా. ఆ మాట నీకు నేర్పింది నేనే.

ఇలాంటిదే 1969లో అమెరికాలో ఎడ్వర్డ్ డెసీ అనే కుర్రాయన కనిపెట్టాడు. పిట్స్‌బర్గ్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాడప్పుడు. సోమా అని ఒక పజిల్ ఉంది. ఏడు ముక్కలు, ఒక్కోటీ చిన్న చిన్న ఘనాలు అతికించినట్టు వంకరటింకరగా ఉంటుంది. మొత్తం 27 ఘనాలు. సరిగ్గా పేరిస్తే మీ రూబిక్ క్యూబ్ అంత చక్కని పెద్ద ఘనం అవుతుంది, లేదంటే ఇంకెన్నో బొమ్మలు చెయ్యొచ్చు. చేతిలోకి తీసుకుంటే వదలబుద్ధి కాదు. డెసీ కాలేజీ పిల్లల్ని మూడుసార్లు పిలిచి ఇది చేయించాడు. మొదటిసారి ఎవరికీ ఏమీ ఇవ్వలేదు. రెండోసారి సగం మందికి, పేర్చిన ప్రతి బొమ్మకీ ఒక డాలరు. మూడోసారి మళ్లీ ఎవరికీ ఏమీ లేదు.

అసలు కిటుకు వేరే ఉంది. ప్రతిసారీ మధ్యలో "ఇప్పుడే వస్తా, ఈలోగా మీ ఇష్టం" అని చెప్పి ఆయన గదిలోంచి వెళ్లిపోయేవాడు. బల్ల మీద పత్రికలు కూడా ఉంచేవాడు. సరిగ్గా 8 నిమిషాలు. ఎవరూ అడగని ఆ 8 నిమిషాల్లో వాళ్లు పజిల్ ముట్టుకుంటారా, పత్రిక తిరగేస్తారా అని చాటు నుంచి చూసేవాడు. డాలర్లు తిన్నవాళ్లు, డాలర్లు ఆగిపోయాక, మొదటి రోజు ఆడినంత సేపు కూడా ఆడలేదు. పైసా తీసుకోనివాళ్లకి ఆ సరదా తగ్గలేదు. అదే డబ్బుకి బదులు "భలే చేశావు" అని చూస్తే, సరదా చెక్కుచెదరలేదు.

తర్వాత స్టాన్‌ఫర్డ్‌లో ఒక నర్సరీ బడిలో, బొమ్మలేయడమంటే పడిచచ్చే పిల్లలతో ఇంకొకటి చేశారు. అది 1973లో అచ్చయింది. స్కెచ్ పెన్నులతో బొమ్మ వేస్తే బంగారు రంగు ముద్ర, రిబ్బన్ ఉన్న సర్టిఫికెట్ ఇస్తామని కొందరికి ముందే చెప్పారు. ఒకటి రెండు వారాలు పోయాక చూస్తే, ఆ పిల్లలు ఆ పెన్నుల జోలికి మిగతావాళ్ల కన్నా బాగా తక్కువగా వెళ్లారు. ముందు చెప్పకుండా, చివర్లో హఠాత్తుగా అదే సర్టిఫికెట్ ఇచ్చిన పిల్లలకు మాత్రం ఏమీ కాలేదు. చూశారా, కాగితం తప్పు కాదు, బేరం తప్పు.

కోతులైనా అంతే. డెసీ కన్నా 20 ఏళ్ల ముందే అమెరికాలోనే విస్కాన్సిన్‌లో హ్యారీ హార్లో అనే ఆయన కోతుల బోనులో చీల, కొక్కెం, గొళ్లెం ఉన్న పజిల్ పెడితే, తిండి ఆశ చూపకపోయినా అవి తీరిగ్గా కూర్చుని విప్పేవి. తినేది అందులో పెట్టాక తప్పులు ఎక్కువ చేశాయి.

ఆ హార్లో దగ్గర పీహెచ్‌డీ చేసినవాడే అబ్రహం మాస్లో. బీయీడీ చదివే వాళ్లందరికీ తెలిసిన పేరు. అడుగున ఆకలి, నిద్ర, పైన భద్రత, ఆ పైన ప్రేమ, గౌరవం అంటూ మెట్ల పిరమిడ్ గీసి చూపిస్తారు. ఆ సిద్ధాంతం 1943లో ఆయనదే కానీ ఆ పిరమిడ్ బొమ్మ ఆయన గీసింది కాదు. కింది మెట్టు నూటికి నూరు పాళ్లూ నిండాకే పై మెట్టు అనుకోవద్దని కూడా ఆయనే రాశాడు. మేం మాత్రం ఆ బొమ్మే బట్టీపట్టి మార్కులు తెచ్చుకున్నాం.

డెసీ, ఆయనతో రిచర్డ్ రయాన్ అనే ఇంకొకాయన, ఈ మెట్ల జోలికి పోకుండా, మనసుకి మూడు ఆకలులున్నాయన్నారు. నాకు చేతనవుతోంది అనిపించాలి. నావాళ్లు నాతో ఉన్నారు అనిపించాలి. అన్నిటికన్నా ముఖ్యంగా నాకనిపించేది, ఈ పని నేను నా ఇష్టంతో చేస్తున్నాను అనిపించాలి. దీన్ని స్వయం నిర్ణయ సిద్ధాంతం అంటారు. ఇష్టం అంటే ఎవరి మాటా వినకపోవడం కాదు బుజ్జీ, నీకు ఇప్పుడే చెబుతున్నా! అమ్మ చెప్పిన పనైనా, ఎందుకో అర్థమై మనసు ఒప్పుకుంటే అది నీ ఇష్టమే. పది రూపాయలు చేసిందేమిటంటే, చిన్నా పద్యాన్ని నా పద్యం చేసేసింది. వాడు నాకు కూలికి చదివినట్టయింది.

దీని మీద పెద్దవాళ్లు గట్టిగానే కొట్లాడుకున్నారు. బహుమతి వల్ల నష్టమేం లేదని 1994లో ఇద్దరు రాస్తే, 1999లో డెసీ వాళ్లు 128 ప్రయోగాలు ముందేసుకుని, నష్టం ఉందని జవాబిచ్చారు. ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. మొదటినుంచీ విసుగు పుట్టించే పనికి డబ్బిస్తే పోయేదేమీ లేదు, అక్కడ పోవడానికి సరదా ఉంటే కదా. కాబట్టి పాత పేపర్లు కట్టకట్టినందుకు మీ నాన్న ఇచ్చే ఇరవై తీసుకోండి. రేపు పెద్దయ్యాక ఎవరైనా "ఇష్టంగా చేస్తున్నావు కదా, జీతమెందుకు" అంటే మాత్రం ఈ ఉత్తరం వాళ్లకి చూపించకండి.

బుజ్జీ, నీకు డబ్బులివ్వనన్నది అందుకు. ఏ పద్యమో నువ్వే ఏరుకో. అసలు పద్యాలే వద్దు, ముగ్గులు నేర్పమంటే అవే నేర్పుతా.

చిన్నా, నోటుబుక్కు బీరువాలో దాచాను. చివరి మూడు టిక్కులకు నీకింకా ముప్పై రూపాయలు బాకీ. మాటిచ్చాను కాబట్టి సంక్రాంతికి వచ్చినప్పుడు ఇచ్చేస్తా. అల్పుడంటే పొట్టివాడు కాదని ఆరోజు నవ్వి ఊరుకున్నానే గానీ, మరి ఎవరో చెప్పనేలేదు. అది కూడా బాకీయే.

ఉంటాను,
మీ అమ్మమ్మ