ఎంటర్ నొక్కితే వచ్చిన లైసెన్సు

ఎనుమాముల మార్కెట్ మిర్చి ధరలను ఫోనులో చూపే ప్రోగ్రామ్‌పై గొడవ మళ్లీ రేగింది. దాని కోడ్‌తో యాప్ తయారుచేసుకున్న ఎరువుల వ్యాపార సంస్థ తన మార్పుల కోడ్‌ను ఇవ్వనని తేల్చిచెప్పింది. హనుమకొండ యువకులు ఆ ప్రోగ్రామ్‌ను ఎలా మొదలుపెట్టారో, తేజ, చపాటా ధరల కోసం రైతులు దానికి ఎలా అలవాటుపడ్డారో ఇక్కడ అందరికీ తెలిసిందే. చెప్పుకోవలసింది తొలి విడుదలకు ముందు రాత్రి సంగతి.

కోడ్‌ను ఇతరులు ఏ షరతులతో వాడుకోవచ్చో చెప్పేది లైసెన్సు. అలాంటి లైసెన్సుల్లో ఒకటైన జీపీఎల్ మూడో వెర్షన్ పూర్తి పాఠం అప్పటికే కోడ్‌తో పాటు ఉంది. 2007లో వచ్చిన ఈ లైసెన్సు ప్రకారం, మార్చిన ప్రోగ్రామ్‌ను ఇతరులకు పంచేవారు ఆ మార్పుల కోడ్‌ను కూడా అవే షరతులతో ఇవ్వాలి. యువకులు ఏరికోరి దాన్ని ఎంచుకున్నది ఇందుకే. ఆ రాత్రి ప్యాకేజీ వివరాల ఫైలు కోసం, జావాస్క్రిప్ట్ కోడ్‌ను ప్యాకేజీలుగా పంచే సాధనమైన ఎన్‌పీఎం అడిగిన ప్రశ్నలన్నిటికీ ఎంటర్ నొక్కుతూ పోయారు. లైసెన్సు ప్రశ్నకు ఎన్‌పీఎం సిద్ధంగా ఉంచే జవాబు ఐఎస్‌సీ అనే మరో లైసెన్సు. హక్కుదారు పేరు, లైసెన్సు పాఠం ప్రతి కాపీలో ఉంచితే చాలు, కోడ్‌ను దాచుకోవడానికి అది అడ్డుచెప్పదు. అలా ప్రోగ్రామ్ ఒక లైసెన్సుతో, దాని మెటాడేటా, అంటే ఆ వివరాల ఫైలు, మరో లైసెన్సుతో బయటికొచ్చాయి.

ప్యాకేజీలో రాసినదాన్నే నమ్మామని సంస్థ అంటోంది. లైసెన్సులను తనిఖీ చేసే సాధనాలు చాలావరకు ఆ మాటనే చదువుతాయన్నది నిజమే.

కానీ ధరల పట్టిక భాగం రాసిచ్చిన కరీంనగర్ యువకుడి సంగతేమిటి? జీపీఎల్ పాఠం చదివాకే తన కోడ్ ఇచ్చానని ఆయన చెబుతున్నారు. 1957 కాపీరైట్ చట్టం కింద కంప్యూటర్ ప్రోగ్రామ్ కూడా సాహిత్య రచనే. 30వ సెక్షన్ ప్రకారం లైసెన్సు ఇవ్వవలసింది హక్కుదారు, అదీ రాతపూర్వకంగా. ఐఎస్‌సీకి ఒప్పుకుంటూ ఆయన ఎక్కడా ఒక్క ముక్క రాసివ్వలేదు. పోనీ ఐఎస్‌సీయే చెల్లుతుందనుకున్నా, సంస్థ యాప్‌లో రాసినవారి పేరు ఒక్కటీ కనిపించదు.

యువకులు ఇప్పుడు ప్రతి ఫైలు తలన, లైసెన్సుల పేర్లను అందరూ ఒకేలా రాసేందుకు ఉన్న ఎస్‌పీడీఎక్స్ పద్ధతిలో లైసెన్సు గుర్తును ఒక్కో వరుసగా చేరుస్తున్నారు. 2021లో అంతర్జాతీయ ప్రమాణమైన పద్ధతి అది. ప్యాకేజీ ఫైలులోని మాటనూ మార్చారు. అయితే ఎన్‌పీఎంలో ఒకసారి విడుదలైన వెర్షన్‌ను దిద్దడం కుదరదు. సంస్థ తన వాదనకు చూపుతున్నది ఆ తొలి వెర్షన్‌నే.