పసుపు క్యాసెట్ పుట్టిల్లు

తొంభైలలో పెరిగినవాళ్లకు ‘క్యాసెట్’ అంటే రెండు వస్తువులు. ఒకటి పాటలది, రెండోది టీవీ గేముది. ఆట మొదలుకాకపోతే క్యాసెట్‌ను బయటికి లాగి, అడుగున ఉఫ్ అని ఊది, మళ్లీ గట్టిగా నొక్కేవాళ్లం. మద్రాసులో మా ఇంటికి ఆ టీవీ గేము బర్మా బజారు నుంచి వచ్చింది. బర్మాలోని రంగం (రంగూన్) నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకు బతుకుతెరువుగా 1960ల చివర్లో బీచ్ స్టేషన్ దగ్గర వెలసిన దుకాణాల వరుస అది. మా నాన్నగారు అక్కడ అరగంట బేరమాడి కొన్నారు. పెట్టె మీద తయారీదారు పేరంటూ ఏదీ లేదు. క్యాసెట్ మీద మాత్రం ‘9999 ఇన్ 1’ అని ఉండేది. లోపల ఉన్నవి ఐదారు ఆటలే, అవే తిరిగి తిరిగి వచ్చేవి.

ఆటను విడిగా ఒక డబ్బాలో పెట్టి అమ్మవచ్చని మొదట ఎవరికి తోచింది? ఈ ప్రశ్న నాకు చాలా ఏళ్లు తట్టనేలేదు. పెరంబూరులో ఉండే మిత్రుడు ఒకరోజు తన బీరువాలోంచి నల్లటి బరువైన పెట్టె ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. దాని పక్కన అరచేతిలో పట్టే పసుపు క్యాసెట్లు వరుసగా పేర్చాడు. పేరు ‘ఛానల్ ఎఫ్’. అమెరికాలోని ఫెయిర్‌చైల్డ్ సంస్థ 1976 నవంబరులో 169 డాలర్ల 95 సెంట్లకు అమ్మకానికి పెట్టిన ఆటపెట్టె. ప్రోగ్రామున్న క్యాసెట్‌ను మార్చి కొత్త ఆట ఆడుకునే వీలు ఇంటికి తెచ్చిన మొట్టమొదటి యంత్రం ఇదే. పాత ఆటపెట్టెలు సేకరించేవాళ్లు దీని మీద ఇంత ప్రాణం ఎందుకు పెట్టుకుంటారు, అంత ఖర్చుకు పేరున్న అటారీ ఆటపెట్టె కొనుక్కోవచ్చు కదా అని మా వాడిని అడగనివారు లేరు. జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

1972లో మాగ్నవాక్స్ సంస్థ తెచ్చిన ఒడిస్సీతో ఇంటి టీవీలో ఆటలు మొదలయ్యాయి. దాని వెనుక ఉన్న మేధ రాల్ఫ్ బేర్‌ది. ఒడిస్సీకీ మార్చుకునే కార్డులు ఉండేవి. అయితే వాటిలో ఆట అనేది ఏమీ ఉండదు. పెట్టెలో అప్పటికే ఉన్న తీగల మధ్య లంకెలు మార్చడమే వాటి పని. మైదానం, గీతలు, రంగులు కావాలంటే టీవీ అద్దానికి ప్లాస్టిక్ షీటు అంటించుకోవాలి. 1975లో అటారీ వారి పాంగ్ అనే బంతీ బ్యాటూ ఆట ఇళ్లకు వచ్చింది. మరుసటి ఏడు జనరల్ ఇన్‌స్ట్రుమెంట్ సంస్థ బంతీ బ్యాటూ ఆటలన్నిటినీ ఒకే చిప్పులో ఇరికించి అమ్మేసరికి, ఆ చిప్పు కొన్న ప్రతివాడూ ఒక ఆటపెట్టె తయారుచేశాడు. వాటన్నిటిదీ ఒకటే లోటు. కొన్నరోజు ఎన్ని ఆటలున్నాయో పెట్టె పాడయ్యేదాకా అన్నే.

ఆ లోటు తీర్చే ఆలోచన కనెటికట్ రాష్ట్రంలోని ఆల్పెక్స్ అనే చిన్న సంస్థలో పుట్టింది. వాలెస్ కిర్ష్‌నర్, లారెన్స్ హాస్కెల్ అనే ఇద్దరు ఇంటెల్ 8080 మైక్రోప్రాసెసర్‌తో ఒక నమూనా కట్టారు. కొనేవారి కోసం తిరిగి తిరిగి చివరికి చిప్పుల తయారీలో పేరున్న ఫెయిర్‌చైల్డ్ తలుపు తట్టారు. (ఈ ఆల్పెక్స్ పేరు చాలాకాలానికి కోర్టుల్లో మళ్లీ వినిపించింది. తెర మీద బొమ్మను చుక్క చుక్కగా మెమరీలో దాచే తమ పేటెంటును వాడుకున్నారని జపాన్ ఆటల సంస్థ నింటెండో మీద దావా వేస్తే, 1994లో జ్యూరీ కోట్ల డాలర్ల పరిహారం ఇమ్మంది. నింటెండో యంత్రం బొమ్మను గీసే పద్ధతే వేరని 1996లో పై కోర్టు ఆ తీర్పు కొట్టేసింది.)

నమూనా చూసి రమ్మని ఫెయిర్‌చైల్డ్ పంపించిన మనిషి జెర్రీ లాసన్. ఈయన గురించి నాలుగు మాటలు ఎక్కువే చెప్పాలి. 1940 డిసెంబరు 1న బ్రూక్లిన్‌లో పుట్టిన నల్లజాతి ఇంజనీరు. ఒకటో తరగతిలో టీచరమ్మ ఆయన బల్ల పక్కన నల్లజాతి శాస్త్రవేత్త జార్జ్ వాషింగ్టన్ కార్వర్ బొమ్మ పెట్టి, నువ్వూ ఇలా కాగలవు అన్నారట. కుర్రతనంలోనే హామ్ రేడియో లైసెన్సు సంపాదించాడు. ఇరుగుపొరుగు ఇళ్లలో టీవీలు బాగుచేసి డబ్బు కూడబెట్టాడు. కాలేజీలో చేరినా పట్టా చేతికి రాలేదు. 1970లో ఫెయిర్‌చైల్డ్‌లో చేరాక, తమ సంస్థ చిప్పుతోనే తన గ్యారేజీలో ఒక ఆర్కేడ్ ఆట (నాణెం వేసి ఆడేది) తయారుచేశాడు. కంపెనీ ఆటల విభాగం మొదలుపెట్టి దాన్ని ఆయన చేతిలోనే పెట్టింది.

ఆల్పెక్స్ నమూనా ప్రయోగశాలలో పనిచేస్తుంది సరే, దాన్ని ఇంట్లో పిల్లల చేతికి ఇవ్వడం ఎలా? అప్పటిదాకా సర్క్యూట్ బోర్డును ఇంజనీరు ఒక్కసారి బిగిస్తే అది అక్కడే ఉండిపోయేది. రోజుకు పదిసార్లు పీకి పెడితే అంచులు అరిగిపోతాయి. తివాచీ మీద నడిచొచ్చిన వేలు తాకితే చాలు, ఒంట్లోని స్థిరవిద్యుత్తుకు చిప్పు చచ్చిపోవచ్చు. లాసన్ బృందంలోని రాన్ స్మిత్ ఆ అతుకు యంత్రాంగాన్ని, నిక్ టేల్స్‌ఫోర్ బయటి రూపాన్ని తీర్చారు. లోపలి బోర్డు చేతికి తగలకుండా క్యాసెట్‌ను చుట్టూ మూశారు. దాని రూపానికి ఆనాడు కార్లలో పాటలు వినిపించిన ఎయిట్ ట్రాక్ టేపును నమూనాగా తీసుకున్నారు. అమెరికాలో అందరూ కార్ట్రిడ్జ్ అనే వస్తువును మనం ఇక్కడ క్యాసెట్ అన్నాం. తెలియక అన్నా, దాన్ని తీర్చిదిద్దినవారి మనసులో ఉన్నది పాటల టేపే. నాకు ఈ సంగతి తెలిసిననాడు కలిగిన సంతోషం ఇంకా తగ్గలేదు.

రేడియో తరంగాలతో ఇంకో చిక్కు వచ్చింది. ఆటపెట్టె పక్కింటి టీవీని చెడగొట్టకూడదని నియంత్రణ సంస్థ గట్టిగా పట్టుబట్టేది. మదర్‌బోర్డు మొత్తాన్ని అల్యూమినియం తొడుగులో పెట్టామని, క్యాసెట్ దూరే చోట కూడా లోహపు గొట్టం అమర్చామని, కొత్త క్యాసెట్ వచ్చిన ప్రతిసారీ వాళ్లకు చూపించాల్సి వచ్చేదని లాసన్ తరవాతి కాలంలో చెప్పుకున్నారు. మా వాడి పెట్టె అంత బరువు ఎందుకుందో అప్పుడు అర్థమైంది.

1976 నవంబరు అంటే మన ఊళ్లో ఎలాంటి కాలం? మద్రాసు దూరదర్శన్ 1975 ఆగస్టు 15న మొదలైంది. అంటే ఛానల్ ఎఫ్ దుకాణాలకు వచ్చేనాటికి ఈ ఊరి ప్రసారాలకు పదిహేను నెలల వయసు. ఉన్న కొద్ది సెట్లూ నలుపు తెలుపువే. రంగులు రావడానికి 1982 దాకా ఆగాలి. వీధిలో ఒక్క ఇంట్లో టీవీ ఉంటే చుట్టుపక్కలవాళ్లంతా ఆ గుమ్మంలో కూర్చుని చూసే కాలంలో, అక్కడ ఒక మనిషి ఆ తెరను ఆపి, మళ్లీ నడిపి, ఆటలోని సమయం మార్చే బటన్లు అమర్చుతున్నాడు.

ఆ బటన్లలో ఒకదాని పేరు ‘హోల్డ్’. నొక్కితే ఆట ఉన్నచోటే నిలిచిపోతుంది. నిలిచి ఉండగానే వేగం మార్చుకోవచ్చు, గడువు మార్చుకోవచ్చు. ఇవాళ పిల్లలు పాజ్ నొక్కి అన్నానికి లేస్తున్నారంటే ఆ సదుపాయం ఇళ్లకు వచ్చింది ఈ పెట్టెతోనే.

ఇంత చేసినా నిలవలేదు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి. ఫెయిర్‌చైల్డ్ రంగంలోకి దిగిందని తెలియగానే అటారీ తొందరపడింది. పెట్టుబడి కోసం ఆ సంస్థను 1976లో వార్నర్‌కు దాదాపు 2.8 కోట్ల డాలర్లకు అమ్మేశారు. 1977 సెప్టెంబరులో అటారీ వారి క్యాసెట్ల పెట్టె వీసీఎస్ (వీడియో కంప్యూటర్ సిస్టమ్) వచ్చింది. అప్పటిదాకా ‘వీడియో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్’ అని పిలిచిన తమ పెట్టెకు ఫెయిర్‌చైల్డ్ ఛానల్ ఎఫ్ అని పేరు మార్చుకుంది. అటారీ దగ్గర ఆర్కేడ్‌లలో జనం ఎగబడే ఆటలున్నాయి. ఫెయిర్‌చైల్డ్ దగ్గర లెక్కల పాఠాలు, పేకాటలు ఉన్నాయి. ఆ కంపెనీకి ఆటలు పక్క వ్యాపారం, పైగా డిజిటల్ గడియారాల్లో చెయ్యి కాల్చుకుని ఉంది. 1979లో ఆటల వ్యాపారాన్ని జిర్‌కాన్ అనే సంస్థకు ఇచ్చేసి తప్పుకుంది. మరుసటి ఏడు స్పేస్ ఇన్‌వేడర్స్ అనే ఆర్కేడ్ ఆట ఇళ్లకు రావడంతో అటారీ అమ్మకాలు పరుగందుకున్నాయి. లాసన్ తానే వీడియోసాఫ్ట్ అనే సంస్థ పెట్టుకుని, అటారీ పెట్టెకు క్యాసెట్లు తయారుచేశారు. పరిశ్రమ ఆయన్ను పిలిచి సత్కరించింది 2011 మార్చిలో. ఏప్రిల్ 9న ఆయన పోయారు. ఈ ఆలస్యాన్ని నేను క్షమించలేను.

ఇక ఆడటం సంగతి. ఛానల్ ఎఫ్‌ను ఆడించే పిడి చూడగానే ఎవరికీ అర్థం కాదు. అడుగున పీట లేదు, ఫైర్ బటన్ లేదు. ఒక చేత్తో కర్రను పట్టుకుని, పైనున్న మూడు మూలల టోపీని రెండో చేత్తో కదపాలి. నాలుగు దిక్కులా నెట్టవచ్చు, కుడికీ ఎడమకీ మెలితిప్పవచ్చు, పైకి లాగవచ్చు, కిందికి నొక్కవచ్చు. పెట్టెలోనే ఉన్న హాకీలో టోపీని మెలితిప్పితే బ్యాటు వాలు మారి బంతి ఏటవాలుగా దూసుకుపోతుంది. నాకు పది నిమిషాల్లో చెయ్యి కుదిరింది. తరవాతి కాలపు ఏ పిడీ ఇలాంటి పట్టు ఇవ్వలేదు. శబ్దం టీవీలోంచి రాదు, పెట్టెలోని చిన్న స్పీకరులోంచి వస్తుంది. అంచేత ఆట తెర మీదా, బల్ల మీదా రెండుచోట్లా జరుగుతున్నట్టు ఉంటుంది. రీసెట్ నొక్కితే తెర మీద ‘జీ?’ అని ఒక్క అక్షరం, ఒక ప్రశ్నార్థకం. ఏ ఆట కావాలి అని అడగడం అన్నమాట. మొదటి క్యాసెట్‌లోని ఇంటూ సున్నా ఆటలో మనకు ఎదురాడేది యంత్రమే. మిత్రుడి కూతురు ఓడిపోతే తెర మీద ‘యూ లూజ్ టర్కీ’ అని వచ్చింది. “టర్కీ అంటే కోడి లాంటిది కదా నాన్నా, నన్నెందుకు అంటోంది?” అని అడిగింది. అమెరికాలో దద్దమ్మ అన్నట్టు అని చెప్పగానే పంతం పట్టి మళ్లీ కూర్చుంది.

సేకరించేవాళ్ల ఆనందానికి మూలం ఇక్కడే ఉందని నా నమ్మకం. ఆటపెట్టె అంటే ఇలా ఉండాలన్న పద్ధతి ఇంకా ఏర్పడని రోజుల వస్తువు ఇది. ఇందులో ప్రతిదీ ఎవరో మొదటిసారి ఆలోచించి పెట్టినది, దాన్ని మన వేళ్లతో తాకి తెలుసుకోవచ్చు. అమెరికాలో సంఖ్య వేసి విడుదలచేసిన క్యాసెట్లు మొత్తం 26, కాబట్టి ఓపిక ఉన్నవాడు అన్నీ పోగుచేయగలడు కూడా. లెక్కలు దాచుకోవడానికి ప్రాసెసర్‌లో ఉన్న చోటు 64 బైట్లు. నేటి ఫోనులో తెలుగు అక్షరం ఒక్కొక్కటీ, గుణింతపు గుర్తు ఒక్కొక్కటీ మూడేసి బైట్లు తీసుకుంటాయి. ‘అమ్మా, ఇంకొక్క ఆట ఆడనీ’ అన్న ఒక్క వాక్యానికే 58 అయిపోతాయి. బొమ్మ కోసం వేరుగా రెండు కిలోబైట్లు ఉన్నాయి, అంతే. ఆ ఇరుకులో నడిచే హాకీ ఆడుతుంటే కట్టినవాళ్ల మీద గౌరవం పెరుగుతుంది.

చెన్నైలో దీన్ని పోషించడం తేలిక కాదు. అది 120 వోల్టుల దేశపు యంత్రం కాబట్టి కరెంటు తగ్గించే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. బొమ్మ అమెరికా పద్ధతిది కాబట్టి రెండు పద్ధతులూ తెలిసిన పాత డబ్బా టీవీ కావాలి, వీడియో తీగ విడిగా బయటికి లాగాలి. ఇవన్నీ మౌంట్ రోడ్డు పక్కన రిచీ స్ట్రీట్‌లో కుదిరాయి. సముద్రపు ఉప్పుగాలికి క్యాసెట్ల రాగి అంచులు మసకబారుతుంటాయి. మిత్రుడు నెలకోసారి దూదితో, ఆల్కహాల్‌తో తుడిచి, తేమ పీల్చే పొట్లాలతో డబ్బాలో పెట్టి మూస్తాడు. నేను పాత అలవాటుగా ఊదబోతే చెయ్యి పట్టుకుని ఆపాడు. నోటి తడికి లోహం పాడవుతుందట. చిన్నప్పుడు పనిచేసింది మన ఊపిరి మహిమ కాదని, తీసి మళ్లీ పెట్టడం వల్లే అతుకు కుదిరేదని చెప్పాడు.

ఇప్పుడు అతనికి సొంతంగా ఒక క్యాసెట్ కట్టాలని పట్టుదల. అభిమానులు ఈ పెట్టెకు తరవాతి కాలంలో ప్యాక్‌మ్యాన్ కూడా రాశారు. కానీ ఇందులోని ఎఫ్8 ప్రాసెసర్‌ది విచిత్రమైన నడక. మెమరీకి చిరునామా చెప్పే తీగలు దానికి లేవు. ఎక్కడిదాకా చదివామన్న లెక్క మెమరీ చిప్పే గుర్తుపెట్టుకోవాలి. అందుకే ఆనాటి క్యాసెట్‌లో ఆటతోపాటు యంత్రం తాలూకు బుర్రలో ఒక ముక్క కూడా ఉండేది. మామూలు మెమరీ చిప్పు తెచ్చి సోల్డరింగ్ చేస్తే చాలదు, మధ్యలో 3853 అనే పాత చిప్పు ఒకటి కావాలి.

దానికోసం మొన్న శనివారం ఇద్దరం రిచీ స్ట్రీట్‌లో దుకాణం దుకాణం తిరిగాం. ఆ సంఖ్య విన్న కుర్రాళ్లు తల అడ్డంగా ఊపారు. మేడ మీది ఒక చిన్న కొట్టులో పెద్దాయన మాత్రం కాగితం మీద సంఖ్య రాయించుకుని, కళ్లజోడు సర్దుకుని, బల్ల కింది నుంచి తుప్పుపట్టిన బిస్కెట్ల డబ్బా ఒకటి లాగారు. నిండా చిప్పులు, కొన్ని వంగిన కాళ్లతో. ఒక్కొక్కటే దీపం కిందికి తెచ్చి చదివారు. సగం డబ్బా అయ్యేసరికి కొట్టు కట్టేసే వేళయింది. మిగతా సగం వచ్చే శనివారం చూద్దాం, భోజనం చేసి రండి అన్నారు.