స్టువర్టుపురం కథ ఉప్పు దగ్గర మొదలవుతుంది

స్టువర్టుపురం మీద డాక్యుమెంటరీ అనగానే ముందు వెతికేది పాత దొంగతనాల కథలు, రిటైరైన పోలీసులు. నన్నడిగితే కెమెరా ముందు ఉప్పు కొటార్ల దగ్గర పెట్టాలి.

స్టువర్టుపురంలో ఉండే ఎరుకలవాళ్లు వ్యాపారం చేసుకుని బతికినవాళ్లు. కోస్తాలో ఉప్పు కొని, ఎద్దుల మీదా గాడిదల మీదా వేసుకుని, పెళ్లాం పిల్లలతో సహా లోపలి జిల్లాలకు నడిచి, బండి దారి కూడా లేని ఊళ్లలో అమ్మి, వచ్చేటప్పుడు ధాన్యం తెచ్చేవాళ్లు. దారిలో బుట్టలల్లేవాళ్లు, ఆడవాళ్లు సోది చెప్పేవాళ్లు. తర్వాత రైలొచ్చి ఆ సరుకంతా ఎత్తుకుపోయింది. ఉప్పు మీద సర్కారు పట్టు బిగించింది. 1882 మద్రాసు అటవీ చట్టంతో వెదురుకీ, పశువుల మేతకీ అడ్డంకులొచ్చాయి. బేరం పోయింది, తిరగడం మిగిలింది. ఊరూరా తిరిగేవాడంటే పోలీసులకి ఎప్పుడూ అనుమానమేగా.

ఉత్తరాదిలో 1871లో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికీ వచ్చింది. నేరం రుజువు కానక్కర్లేదు, జాబితాలో ఉన్న కులంలో పుడితే చాలు: రిజిస్టర్లో పేరు, పక్కన వేలిముద్ర. అప్పుడే ఆ కులాలవాళ్లని కాపలాలో ఉంచే సెటిల్‌మెంట్లు పెట్టి, సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ చేతికిచ్చారు. బాపట్ల దగ్గర స్టువర్టుపురం (మద్రాసు ప్రభుత్వంలో పెద్ద హోదాలో ఉన్న హెరాల్డ్ స్టువర్ట్ పేరది), మన బెజవాడకి కృష్ణ అవతల సీతానగరం. రోజూ హాజరు వేయించుకోవాలి. పాస్ లేకుండా పక్కూళ్లో చుట్టం చావుకి వెళ్లొచ్చినా శిక్ష పడేది.

దీన్ని సంస్కరణ అన్నారు. బడి పెట్టారు, పొలం ఇచ్చారు, కాదనను. కానీ సీతానగరంలో రాళ్ల క్వారీకి, చీరాలలో పొగాకు కంపెనీకి కదలకుండా పడుండే కూలీలు దొరికారు కదా, అదెవరికి లాభం?

మద్రాసులో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న. ఊపిరి పీల్చుకునేలోపే అలవాటు నేరస్థుల చట్టాలు తయారు, మన ఆంధ్రప్రదేశ్‌ది 1962లో. దాంతో స్టేషన్లో రికార్డు అలాగే ఉండిపోయింది, ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసు జీపు ముందు స్టువర్టుపురానికే వచ్చేది. 1970లలో విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి సంఘ సంస్కర్తలైన లవణం, ఆయన భార్య హేమలతా లవణం వెళ్లి, పాత కేసులున్నవాళ్ల ఇళ్లలో కూర్చుని మాట్లాడి, పిల్లల చదువులతో పని మొదలుపెట్టేదాకా బయటినుంచి ఆ గడప తొక్కినవాళ్లలో ఎక్కువమంది ఖాకీ వేసుకున్నవాళ్లే.