పాత అమెరికన్ నేషనల్ బ్యాంక్ నోట్లు: అపోహలు - వాస్తవాలు

అపోహ: వందేళ్ల నాటి నోటు కాబట్టి లక్షలు పలుకుతుంది.

అమెరికాలో ఉండే మనవాళ్లు ఫొటో పంపి ముందుగా అడిగేది ఇదే. ఈ నోట్ల ధర పాతదనాన్ని బట్టి ఉండదు, బ్యాంకును బట్టి ఉంటుంది. 1863 నుంచి 1935 వరకు అక్కడ వేలాది బ్యాంకులు ప్రభుత్వ బాండ్లను ట్రెజరీలో (అమెరికా ఆర్థిక శాఖలో) డిపాజిట్ చేసి తమ పేరుతో నోట్లు ఇచ్చాయి. న్యూయార్క్, షికాగోల్లోని పెద్ద బ్యాంకుల 1929 సిరీస్ నోట్లు ఇప్పటికీ సులువుగానే దొరుకుతాయి. అదే సంవత్సరం, అదే పది డాలర్లు, అదే డిజైన్, కానీ నోటు మీద ఉన్నది రెండు మూడు నోట్లే మిగిలిన చిన్న ఊరి బ్యాంకు పేరైతే మాత్రం మడతలు పడి అంచులు చిరిగినా ఆ ఊరివాళ్లు పోటీపడి కొంటారు. ఫస్ట్ నేషనల్ బ్యాంక్ అనే పేరు ఊరూరా ఉండేది కాబట్టి పేరొక్కటే చూస్తే చాలదు, చార్టర్ నంబర్, అంటే ప్రభుత్వం ఒక్కో బ్యాంకుకు ఇచ్చిన నంబరు కూడా చూడాలి. ఫిలడెల్ఫియాలోని ఫస్ట్ నేషనల్ బ్యాంక్‌ది 1వ నంబరు.

అపోహ: పైన నేషనల్ కరెన్సీ అని ఉంటే అది నేషనల్ బ్యాంక్ నోటే.

1929 సిరీస్‌లో చాలామంది పొరపడేది ఇక్కడే. అమెరికా కేంద్ర బ్యాంకు వ్యవస్థకు చెందిన ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ నోట్ల మీదా అదే శీర్షిక, అదే గోధుమ రంగు సీలు ఉంటాయి. తేడా తెలియాలంటే ఎడమ పక్క చూడండి: అక్కడ నిలువుగా నల్లటి అంకెలుంటే అది చార్టర్ నంబర్, అంటే నేషనల్ బ్యాంక్ నోటు, వాటి బదులు పెద్ద నల్లటి అక్షరం, దాంతోపాటు ఫెడరల్ రిజర్వ్ బ్యాంక్ పేరు ఉంటే అది వేరే రకం. చార్టర్ నంబర్ సీరియల్ నంబర్ పక్కన గోధుమ రంగులో మళ్లీ కనిపిస్తే అది టైప్ 2, అంటే 1929 సిరీస్ నేషనల్ బ్యాంక్ నోట్లలో రెండో రకం.

అపోహ: బ్యాంకు దివాలా తీస్తే నోటు చిత్తుకాగితమే.

కాదు. డిపాజిటర్లు నష్టపోయిన సందర్భాలున్నాయి గానీ, నోటు చేతిలో ఉన్నవాళ్లకు ట్రెజరీ పూచీ ఉండేది. ఇవాళ్టికీ ముఖవిలువకు ఢోకా లేదు.

అపోహ: శుభ్రం చేస్తే ధర పెరుగుతుంది.

దయచేసి కడగకండి, ఇస్త్రీ చేయకండి. కాగితం సహజమైన బిరుసు పోయి, సిరా వెలిసిపోతుంది, గ్రేడింగ్‌లో (నోటు నాణ్యతను అంచనా వేసేటప్పుడు) అది ఇట్టే దొరికిపోతుంది, ఆ తర్వాత సరిచేయడానికి ఏమీ ఉండదు.

అపోహ: సంతకం కనిపించకపోతే నకిలీ.

1929కి ముందు నాటి పెద్ద సైజు నోట్లు షీట్లుగా బ్యాంకుకు వెళ్లేవి, ప్రెసిడెంటు, క్యాషియరు అక్కడే కలంతోనో రబ్బరు స్టాంపుతోనో సంతకాలు వేసేవారు. ఆ సిరా ఏళ్లు గడిచేకొద్దీ మాయమవడం మామూలే. నిజంగా అనుమానించాల్సింది నలిగిపోయిన నోటు మీద కొత్తగా మెరిసే సంతకాన్ని, ఎందుకంటే కొందరు పాత సంతకం మీద మళ్లీ దిద్ది అమ్ముతారు.