పాత రివాల్వర్ కొంటున్నారా? అపోహలు - వాస్తవాలు

హనుమకొండ, కాజీపేట వైపు లైసెన్స్ ఉన్నవాళ్లు ఈమధ్య ఫోన్‌లో నాలుగు ఫొటోలు చూపించి "అన్నా, ఇది తీసుకోవచ్చా?" అని అడుగుతున్నారు. ఎక్కువగా అది కాన్పూర్‌లో తయారైన .32 రివాల్వరే. ఆయుధాలు విప్పి బాగుచేసేవాడిగా నా మాట ఒకటే: పైమెరుపు చూసి డబ్బులు కట్టకండి, బిగువు చూడండి.

అపోహ: నల్లగా నిగనిగలాడుతోంది, కాబట్టి వాడనిదే.

వాస్తవం: బ్లూయింగ్ (ఇనుము మీద వేసే నల్లని పూత) మళ్లీ వేయించుకోవచ్చు. హోల్‌స్టర్ రాపిడికి బారెల్ చివర రంగు పోయిన రివాల్వర్ లోపల గట్టిగా ఉండొచ్చు. తుప్పు గుంటలు పడినదాన్ని సానబట్టి రంగు వేస్తే ఫొటోలో కొత్తదానిలా కనిపిస్తుంది. అందుకే నంబర్, ముద్రలు దగ్గరగా తీసిన ఫొటో అడగండి. సానబట్టిన చోట అక్షరాల అంచులు మొద్దుబారి ఉంటాయి. స్క్రూల గాడులు చెదిరితే తెలియని చేతులు విప్పినట్టు. నంబర్ చెరిగినట్టు అనిపిస్తే అక్కడితో ఆపేయండి. అలాంటిది మీ దగ్గర దొరికితే చెరిపింది మీరేనని చట్టం భావిస్తుంది, కాదని రుజువు చేసుకోవాల్సింది మీరే.

అపోహ: పది రౌండ్లు కూడా కాల్చలేదు, ఇంకేం భయం?

వాస్తవం: మన దగ్గర కాల్చి పాడైనవి తక్కువ, ఊరికే పెట్టి పాడైనవి ఎక్కువ. ఎన్నికల కోడ్ వస్తే స్టేషన్‌లో డిపాజిట్ చేస్తారు. తిరిగి తెచ్చాక తుడవకుండా తోలు హోల్‌స్టర్‌లోనే బీరువాలో పడేస్తారు. తోలు తేమ పీలుస్తుంది, ఆ తేమ ఇనుముకు పడుతుంది. 2023 జూలై వరదల్లో ఇళ్లలోకి నీళ్లొచ్చిన కాలనీలు మనకు తెలుసు. తడిసినదాన్ని పైపైన తుడిచి నూనె రాస్తే ఫొటోలో ఏమీ తెలియదు. పక్క ప్లేటు విప్పితేనే స్ప్రింగుల సంగతి బయటపడుతుంది. బారెల్‌లోకి లైటు వేసి చూడండి, లోపలి మెలిక గాడుల మధ్య నల్లని చుక్కలుంటే అవి తుప్పు తిన్న గుంటలే.

అపోహ: సిలిండర్ (తూటాలు పెట్టే చక్రం) కొంచెం కదిలితే పాడైనట్టే.

వాస్తవం: మామూలుగా ఉన్నప్పుడు కొద్దిగా కదలడం తప్పు కాదు. అసలు పరీక్ష వేరే ఉంది. ముందు తెరిచి ఆరు ఛాంబర్లూ (తూటా గూళ్లు) ఖాళీ అని కళ్లతో చూడండి, వేలితో తడమండి. మూసి, సురక్షితమైన వైపు తిప్పి, హ్యామర్‌ను (వెనక ఉండే సుత్తిని) బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగండి. హ్యామర్ పూర్తిగా వెనక్కి వెళ్లేసరికి సిలిండర్ టక్కున లాక్ అయిపోవాలి. ఆరు ఛాంబర్లకూ ఇలాగే చూడాలి, ఒక్కటి ఆలస్యమైనా టైమింగ్ (హ్యామర్‌కూ సిలిండర్‌కూ ఉండాల్సిన పొంతన) పోయినట్టే. తర్వాత హ్యామర్‌ను బొటనవేలితో ఆపుతూ దించి, ట్రిగ్గర్ పూర్తిగా నొక్కిపట్టి సిలిండర్‌ను కదపండి. ఇప్పుడు కూడా ఊగితే ఛాంబర్ బారెల్‌కు సరిగ్గా ఎదురుగా నిలవదు. తూటా అంచు గీసుకుని సీసం ముక్కలు పక్కకు చిమ్ముతాయి, పక్కన నిలబడ్డవాళ్లకు ప్రమాదం.

ఈ కాన్పూర్ రివాల్వర్ మధ్యలో విరిచి తెరిచే రకం కాబట్టి మరొకటి చూడాలి. మూశాక బారెల్‌ను, పిడిని చెరో చేత్తో పట్టుకుని పైకీ కిందికీ వంచి చూడండి. కీలు దగ్గర, పైన లాచ్ (గొళ్లెం) దగ్గర కదలిక తగిలితే బేరం వద్దు. ఆ అరుగుదల స్క్రూ బిగిస్తే పోయేది కాదు.

అపోహ: ఆన్‌లైన్‌లో కొంటే ఫోన్ వచ్చినట్టు ఇంటికి వస్తుంది.

వాస్తవం: ప్రకటన మాత్రమే ఆన్‌లైన్. ఆ రకం ఆయుధానికి మీకు లైసెన్స్ ఉండాలి. లైసెన్స్‌దారు తన ఆయుధం అమ్మాలంటే ముందుగా జిల్లా మేజిస్ట్రేట్‌కు గానీ, దగ్గరలోని పోలీస్ స్టేషన్ అధికారికి గానీ రాతపూర్వకంగా తెలపాలి. తెలిపాక కనీసం 45 రోజులు గడవాలి. అమ్మేవాళ్లు తొందరపెడితే అనుమానించండి. ఆ గడువులోనే, వాళ్ల సమక్షంలో, లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గర విప్పి చూపించాలని ముందే మాట తీసుకోండి. ఒప్పుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.