మందు అదే, మనిషి పీల్చే గాలి వేరు

ఊపిరితిత్తులకు ఆనుకుని ఉండే లింఫ్ గ్రంథులు, అంటే రోగనిరోధక కణాలు గుమికూడే చిన్న గ్రంథులు, చిన్న వయసులో లేత రంగులో ఉంటాయి. ఏళ్లు గడిచేకొద్దీ వాటిలో నల్లటి మచ్చలు మొదలవుతాయి. పెద్ద వయసు వచ్చేసరికి గ్రంథి చాలా వరకు మసిబారినట్టు కనిపిస్తుంది. పొగతాగే అలవాటు లేనివాళ్లలోనూ ఇంతే. న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో డోనా ఫార్బర్ బృందం 11 నుంచి 93 ఏళ్ల మధ్య వయసున్న 84 మంది అవయవదాతల గ్రంథులను పరిశీలించి, ఆ ఫలితాలను 2022లో ప్రచురించింది. పేగుల దగ్గరి లింఫ్ గ్రంథులను కూడా తీసి పక్కపక్కన పెట్టి చూడటం వాళ్లు చేసిన తెలివైన పని. వయసు రెండింటికీ ఒకటే అయినా పేగుల దగ్గరివి అలా నల్లబడలేదు. అంటే ఆ నలుపు వయసు వల్ల వచ్చింది కాదు, అన్నేళ్లూ పీల్చిన గాలి వల్ల వచ్చింది.

గాలిలో తేలే రేణువుల్లో 2.5 మైక్రోమీటర్ల కన్నా చిన్నవి ముక్కులోనో గొంతులోనో ఆగిపోవు. ఊపిరితిత్తుల్లో గాలి గదుల దాకా వెళ్లిపోతాయి. అక్కడ మాక్రోఫేజ్‌లు అనే తెల్లరక్త కణాలు వాటిని మింగేస్తాయి. బ్యాక్టీరియాను మింగితే అరిగించుకోగలవు గానీ, కర్బన రేణువును అరిగించే ఎంజైమ్ ఏదీ వాటి దగ్గర లేదు. అలా మింగిందంతా లోపలే ఉండిపోతుంది. ఫార్బర్ బృందం ఇక్కడ ఆగలేదు, రేణువులతో నిండిన మాక్రోఫేజ్‌లకూ ఖాళీగా ఉన్నవాటికీ పనిలో తేడా ఏమిటో కొలిచింది. నిండినవి కొత్తగా వచ్చినదాన్ని సరిగ్గా మింగలేకపోయాయి, మిగతా కణాలకు పంపే రసాయన సంకేతాలు కూడా మారిపోయాయి. యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు గుంపుగా ఉండే చోటు కూడా చెదిరిపోయి కనిపించింది. ముసలివాళ్లకు న్యుమోనియా ఎందుకు అంత తేలిగ్గా వస్తుందన్న ప్రశ్నకు ఇందులో కొంత సమాధానం ఉందని నాకు అనిపిస్తుంది.

పీల్చే గాలిలో ఈ సన్న రేణువుల ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పింది. అంతకుముందు ఆ హద్దు 10 ఉండేది. ప్రపంచ జనాభాలో అత్యధికులు ఆ కొత్త హద్దుకు పైనే బతుకుతున్నారు.

కాలుష్యం వల్ల ఇమ్యూనిటీ తగ్గుతుందని మామూలుగా అనుకుంటాం. అది సగమే నిజం. చాలా విషాలు రోగనిరోధక శక్తిని ఒకవైపు తగ్గిస్తూ, ఇంకోవైపు అక్కర్లేని చోట రెచ్చగొడతాయి. సీసం సంగతే చూడండి. వైరస్ సోకిన కణాలను వెతికి చంపించే రకం స్పందన సీసం వల్ల వెనక్కి తగ్గుతుంది, అలర్జీలకు దారితీసే రకం ముందుకొస్తుంది. ఆర్సెనిక్ ఉన్న నీళ్లు తాగిన తల్లుల గర్భంలో పెరిగిన పిల్లలకు, రోగనిరోధక శక్తిలో ముఖ్యమైన టి కణాలు తయారయ్యే థైమస్ గ్రంథి చిన్నదిగా ఉండటాన్ని బంగ్లాదేశ్‌లో జరిగిన అధ్యయనం గుర్తించింది.

ఈ రెండు ముఖాలూ ఒకేచోట కనిపించేది సిలికా దుమ్ములో. రాయి కోసేటప్పుడు, కాంక్రీటుకు రంధ్రం పెట్టేటప్పుడు, ఇసుకతో లోహాన్ని రాపిడి చేసేటప్పుడు లేచే సన్నటి దుమ్ము ఇది. మాక్రోఫేజ్ ఈ స్ఫటికాన్ని మింగుతుంది. కణం లోపల తనను చుట్టుకున్న సంచిని స్ఫటికం చించేస్తుంది. సంచి చిరగడంతో అలారం లాంటి ఒక వ్యవస్థ మేల్కొని, వాపు పుట్టించే పదార్థాలను బయటికి వదులుతుంది. చివరికి కణం చచ్చిపోతుంది. స్ఫటికం మాత్రం చెక్కుచెదరకుండా బయటపడుతుంది, దాన్ని మరో మాక్రోఫేజ్ మింగుతుంది. మనిషి ఆ పని మానేసినా ఈ చక్రం లోపల ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది. ఈ దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్. అది వచ్చినవాళ్లకు టీబీ ముప్పు చాలా ఎక్కువ, ఎందుకంటే టీబీ బ్యాక్టీరియాను అదుపులో పెట్టాల్సిన కణాలు కూడా ఇవే. మరోవైపు అదే దుమ్ము వల్ల రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం, లూపస్, చర్మం బిగుసుకుపోయే స్క్లెరోడెర్మా లాంటి జబ్బులు, అంటే శరీరం తనమీద తానే దాడి చేసుకునే జబ్బులు, పెరుగుతాయి. వేల్స్ బొగ్గుగని కార్మికుల్లో కీళ్లవాతానికీ ఊపిరితిత్తుల్లో గడ్డలకూ ఉన్న సంబంధాన్ని ఆంథొనీ కాప్లన్ అనే డాక్టర్ 1953లోనే రాసిపెట్టాడు. వంటగట్ల మీద పరిచే కృత్రిమ రాయిలో సిలికా 90 శాతం దాకా ఉండొచ్చు. దాన్ని కోసే కార్మికులు చిన్న వయసులోనే జబ్బుపడటం చూసి, ఆస్ట్రేలియా 2024 జూలై 1 నుంచి ఆ రాయిని నిషేధించింది. ఒక ఇంటి అందం కోసం ఇంకొకరి ఊపిరితిత్తులు పోతున్నాయని ఒప్పుకుని, వస్తువునే ఆపేసిన ఆ నిర్ణయం నాకు ఎంతో సరైనదిగా కనిపిస్తుంది.

ఇక వైద్యం విషయానికి వద్దాం. ఒంట్లో చేరిన పదార్థాలు జబ్బును తెచ్చి ఊరుకోవు, ఆ జబ్బుకు ఇచ్చే మందు ఎంత పనిచేయాలో కూడా కొంతవరకు అవే నిర్ణయిస్తాయి. దీని గురించి మనం మాట్లాడుకునేది చాలా తక్కువ.

ఆస్తమాకు ప్రధాన మందు ఇన్‌హేలర్‌లో ఉండే స్టెరాయిడ్. సిగరెట్ తాగే ఆస్తమా రోగుల్లో ఆ స్టెరాయిడ్ సరిగ్గా పనిచేయదు. వాపు పుట్టించే జన్యువులను ఆపడానికి స్టెరాయిడ్‌కు ఒక ఎంజైమ్ సాయం కావాలి. పొగ వల్ల ఆ ఎంజైమ్ దెబ్బతింటుంది. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ కూడా పొగతాగేవాళ్లకు తక్కువ గుణం ఇస్తుందని స్వీడన్ రోగుల మీద జరిగిన అధ్యయనాలు చూపించాయి. పైగా కొందరిలో ఆ జబ్బు మొదలవడానికే పొగ ఒక కారణం. ఊపిరితిత్తుల్లోని ప్రొటీన్ల రూపాన్ని పొగ కొద్దిగా మారుస్తుంది, ఒక రకం జన్యువులున్నవాళ్లలో శరీరం ఆ మారిన ప్రొటీన్లను పరాయివిగా భావించి యాంటీబాడీలు తయారుచేస్తుంది.

టీకాల సంగతి ఇంకా ఆలోచింపజేస్తుంది. నీళ్లూ నూనే అంటని పాత్రల పూతలు, వాననీరు ఇంకని బట్టలు, మంటలార్పే నురగల్లో పీఫాస్ అనే రసాయనాల కుటుంబాన్ని దశాబ్దాలుగా వాడుతున్నారు. కర్బనానికీ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం ఎంతో గట్టిది కావడంతో అవి ప్రకృతిలో విరగవు. వాటిలో కొన్ని రక్తంలో సగానికి తగ్గడానికే ఏళ్లు పడుతుంది. ఉత్తర అట్లాంటిక్‌లోని ఫారో దీవుల్లో ఫిలిప్ గ్రాండ్‌జాన్ బృందం పిల్లలను పుట్టినప్పటి నుంచి గమనించి, 2012లో ఒక ఫలితం చెప్పింది. అయిదేళ్ల వయసులో రక్తంలో ప్రధాన పీఫాస్‌లు రెట్టింపు ఉన్న పిల్లల్లో, ఏడేళ్లు వచ్చేసరికి ధనుర్వాతం, డిఫ్తీరియా టీకాల వల్ల ఏర్పడిన యాంటీబాడీలు దాదాపు సగమే ఉన్నాయి. పిల్లలు టీకాలు వేయించుకున్నారు, కార్డులో తేదీలన్నీ ఉన్నాయి, రక్షణ మాత్రం కొందరిలో కావాల్సిన స్థాయికి కింద ఉంది. దీన్నిబట్టి టీకాలు దండగ అనుకోవడం పొరపాటు. ఆ తగ్గిన యాంటీబాడీలు కూడా టీకా వల్ల వచ్చినవే. తప్పు రసాయనానిది. యూరప్ ఆహార భద్రతా సంస్థ 2020లో నాలుగు పీఫాస్‌లకు కలిపి వారానికి కిలో శరీర బరువుకు 4.4 నానోగ్రాములని హద్దు పెట్టినప్పుడు, దానికి ఆధారంగా తీసుకున్నది టీకా స్పందన తగ్గడాన్నే.

ఆసుపత్రిలో కూడా ఇలాంటి పదార్థాలున్నాయి. రక్తపు సంచులు, సెలైన్ గొట్టాలు మెత్తగా వంగడానికి కలిపే డీఈహెచ్‌పీ అనే ప్లాస్టిసైజర్ కొద్దికొద్దిగా ద్రవంలోకి దిగుతుంది. నెలలు నిండకుండా పుట్టి, ఎన్నో గొట్టాల మధ్య రోజులు గడిపే మగశిశువుల విషయంలో జాగ్రత్త అవసరమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లో డాక్టర్లకు చెప్పింది. ఆ చికిత్స ఆపకూడదు, వీలున్నచోట వేరే రకం గొట్టాలు వాడాలి అన్నదే ఆ సలహా.

రోగిని అడిగే ప్రశ్నలకు ‘నువ్వేం పని చేస్తావు?’ అన్నది కూడా చేర్చాలని ఇటలీ వైద్యుడు బెర్నార్డినో రమజ్జీని 1700లో రాశాడు. మూడు శతాబ్దాలు దాటినా ఈ ప్రశ్న చాలా ఓపీల్లో వినపడదు. పది నిమిషాల్లో ఒక్కొక్కరిని చూసి పంపాల్సిన డాక్టర్‌ను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. అందుకే రోగే చెప్పాలి అంటాను. దగ్గు తగ్గకపోతే పనిచేసే చోట దుమ్ము ఉందా, పనికి సెలవు పెట్టినప్పుడు తగ్గుతోందా. ఇంట్లో పొయ్యి పొగ ఉందా, పక్కన కూర్చుని ఎవరైనా సిగరెట్ తాగుతారా. సీసం ఉండే పాత పెయింటు గీకించారా, తాగే నీళ్లు ఎక్కడివి. ఈ సమాచారంతో ఒక్కోసారి రోగనిర్ధారణే మారిపోతుంది. ఎంత డోసు పెంచినా లొంగని ఆస్తమా, పని చోటు మారితే లొంగిన సందర్భాలు వైద్యులకు కొత్త కాదు.

భయం ఉన్నచోట వ్యాపారం కూడా ఉంటుంది. ఒంట్లోని విషాలన్నీ కడిగేస్తామనే ‘డిటాక్స్’ పొడులకూ రసాలకూ సీసాన్నో పీఫాస్‌నో బయటికి పంపే శక్తి ఉందనడానికి ఆధారం లేదు. లోహాలను పట్టి లాగే మందు ముందుగా ఇచ్చి, తర్వాత మూత్రంలో లోహాలు ఎక్కువున్నాయని చూపించే పరీక్ష మరీ మోసం. ఆ మందు వేస్తే ఎవరి మూత్రంలోనైనా లోహాలు పెరుగుతాయి. అలాంటి మందులతో చేసే కీలేషన్ చికిత్సకు నిజమైన చోటు ఉంది, పిల్లల రక్తంలో సీసం డెసిలీటరుకు 45 మైక్రోగ్రాములో ఇంకా ఎక్కువో ఉన్నప్పుడు అది వాళ్లను కాపాడుతుంది. అవసరం లేనప్పుడు, తప్పుడు మందుతో చేస్తే ప్రాణం తీస్తుంది. 2003–2005 మధ్య అమెరికాలో ఇలా రక్తంలో కాల్షియం పడిపోయి ముగ్గురు చనిపోయారు. అందులో ఇద్దరు పిల్లలు.

మూలాన్ని దూరం చేయడమే ఎక్కువ సందర్భాల్లో అసలు చికిత్స. సీసం తగలడం ఆగితే రక్తంలో దాని స్థాయి నెలల్లో దిగుతుంది, ఎముకల్లో చేరింది మాత్రం దశాబ్దాలుంటుంది. సిలికా విషయంలో ఆలస్యమైతే వెనక్కి వచ్చే దారి లేదు, అందుకే అక్కడ దుమ్ము లేవకుండా నీళ్లతో తడిపి కోయడం ఏ మందుకన్నా విలువైనది. సిగరెట్ విషయంలో శరీరం మరింత ఉదారంగా ఉంటుంది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో పొగ మానేసిన ఆస్తమా రోగులను పరీక్షిస్తే, ఆరు వారాలకే వాళ్ల ఊపిరి సామర్థ్యం చెప్పుకోదగ్గంతగా పెరిగింది.